బాటసారి మజిలీ

సెలవునాళ్లలో ఊరి వెలుపలి హోటలున రెండు రాత్రులు సుఖముగా విశ్రమించుట నేఁటి వేడుక. పూర్వులకు ఆ సుఖము మజిలీలలో లభించెడిది.

1830 మే 18న చెన్నపట్టణమునుండి కాశీకి బయలుదేఱిన ఏనుగుల వీరాస్వామయ్య అహోబిలము, ఆత్మకూరు మీఁదుగా శ్రీశైలము దర్శించెను. బస, నీరు, అంగళ్లు గల వూళ్ల వివరములను తన కాశీయాత్ర చరిత్రలో వ్రాసికొనెను. ఆనాఁటి సుఖనివాసమునకు అవియే లక్షణములు.

శ్రీశైలమునకుఁ దూర్పు ద్వారమైన త్రిపురాంతకము మన సీమలోనిదే. నీటి యెద్దడి గల యిచ్చట సత్రమునకు బావియే ప్రాణము. కాని కులమడిగి నీరు పోసిన దోషమును మనము దాఁచరాదు. 1950లో అమలులోనికి వచ్చిన రాజ్యాంగపు 15వ అధికరణము హోటళ్లను, బావులను కూడఁ బేర్కొని, కులము పేర నెవ్వరిని వారింపరాదని శాసించినది.

పెద్దలారా! మీ యూరి సత్రపు బావి పూడినచోఁ బూడిక తీయింపుఁడు, అందఱను జేదుకొననిండు.