వందల కాజాల టోపీ

ఒమాన్ మగవాళ్ళు రోజూ పెట్టుకునే కుమ్మా టోపీని వెలుతురుకు ఎత్తి పట్టుకుని చూడండి. లోపలి నుంచి చుక్కలు చుక్కలుగా వెలుగు కనిపిస్తుంది. దూరానికి తెల్లగుడ్డ మీద పూలపనిలా తోచినదంతా దగ్గరికి వస్తే కన్నాల వరస. ఒక్కోటి ఆవగింజంత ఉంటుంది. దాని అంచు చుట్టూ దారం తిప్పి తిప్పి బిగించి ఉంటుంది. మన దర్జీ చొక్కాకి కాజా కుట్టే పని లాంటిదే ఇదీ. చొక్కాకి ఏడెనిమిది కాజాలు చాలు, మంచి కుమ్మాకి వందలు కావాలి.

ఈ ఉపాయం ఎవరికి తట్టిందని అడిగితే పేరు దొరకదు. అది వచ్చిన దారి మాత్రం దొరుకుతుంది. ఆ దారిని వెనక్కి పట్టుకుపోతే రుస్తాఖ్ చేరతాం.

రుస్తాఖ్ జెబెల్ అఖ్దర్ కొండల ఉత్తరపు పాదాన, ఖర్జూర తోటల మధ్య ఉంది. ఊళ్ళో అయిన్ అల్ కస్ఫా వేడినీటి ఊట ఉంది, పాత కోట ఉంది. ఆ కోట బురుజుల్లో ఒకదాని పేరే గాలి బురుజు. యారుబీ వంశపు ఇమాం సైఫ్ బిన్ సుల్తాన్ 1711లో కన్నుమూసి ఈ ఊళ్ళోనే సమాధి అయ్యాడు. 1696లో మొదలైన ముట్టడిని రెండేళ్ళకు పైగా సాగించి, 1698 డిసెంబరులో మొంబాసాలోని పోర్చుగీసుల కోటను పట్టిన సేనలు ఆయనవే. పోర్చుగీసులు మస్కట్‌ను అంతకుముందే, 1650లో పోగొట్టుకున్నారు. మొంబాసా కూడా చేజారాక తూర్పు ఆఫ్రికా తీరం ఒమానీల వైపు తెరుచుకుంది.

ఓడిపోయిన ఆ పోర్చుగీసులు మన కుట్టుపనిలో ఇంకా ఉన్నారు. కాజా అనే మాట వాళ్ళ కాసా నుంచి వచ్చింది. బొత్తామూ ఇస్త్రీ కూడా వాళ్ళ నోటి మాటలే. కోటలు పోయాక కూడా ఆ మాటలు తెలుగు దర్జీ నోట మిగిలాయి. రుస్తాఖ్‌లో నిద్రపోతున్న ఇమాం గురించి చదివినప్పుడల్లా నాకు ముందు గుర్తొచ్చేది ఇదే.

తరవాతి కథ సముద్రం అవతల నడిచింది. 1840 నాటికి ఒమాన్ పాలకుడు సయ్యిద్ సయీద్ బిన్ సుల్తాన్ తన కొలువును మస్కట్ నుంచి తూర్పు ఆఫ్రికా తీరపు జాంజిబార్ దీవికి మార్చుకున్నాడు. లవంగం తోటలు పెరిగాయి. ఒమాన్ నుంచి కుటుంబాలకు కుటుంబాలే తరలిపోయాయి. అక్కడి ఎండ ఒమాన్ లోపలి ఊళ్ళ ఎండ లాంటిది కాదు. ఒంటికి అంటుకుని వదలని తడి వేడి. ఒమాన్ మగవాళ్ళు మస్సర్ అనే తలపాగా చుడతారు. మేలైన మస్సర్ కశ్మీరు ఉన్నితో నేసినది. ఉక్కపోతలో రోజంతా దాన్ని మోయడం ఎంత కష్టమో ఊహించుకోవచ్చు. ఆ స్వాహిలీ తీరాన కోఫియా అనే తెల్లని నూలు టోపీ పెట్టుకునేవాళ్ళు. ఒమానీలు దాన్నే పెట్టుకున్నారు, తమ అరబ్బీలో కుమ్మా అన్నారు.

ఇందులోని తెలివి ఏమిటంటే, అందం కోసం కుట్టిన కన్నమే గాలికి దారి అవుతుంది. గుడ్డ రెండు పొరలుగా ఉండాలి, లేకపోతే టోపీ నిలబడదు. పొరలు రెండైతే తల ఉడికిపోతుంది. నిలబడటానికి పొరలు, ఊపిరికి కన్నాలు అన్నమాట. ఒకదాని చిక్కును రెండోది తీర్చింది. ఇంత చక్కటి పరిష్కారం ఒక్క రోజులో ఒక్క మనిషికి తోచిందని నేను అనుకోను. ఇళ్ళల్లో, వాకిళ్ళలో, ఒకరి చేతిపని ఇంకొకరు చూసి ఒక్కో వరస కలుపుకుంటూ పోతేనే ఇలాంటిది తేలుతుంది.

కుట్టే తీరు ఇది. టోపీకి రెండు ముక్కలు, నెత్తిన వచ్చే గుండ్రటి బిళ్ళ, చుట్టూ తిరిగే పట్టీ. ముందు గుడ్డ మీద నమూనా గీస్తారు. పొరలు కదలకుండా టాకాలు వేస్తారు. కొన్ని చోట్ల పొరల మధ్య నూలు దారం దూర్చి బిగువు తెస్తారు. ఆ తరవాత కన్నం పొడవడం, అంచు కుట్టడం, మళ్ళీ పొడవడం, మళ్ళీ కుట్టడం. చేతి కుట్టు కుమ్మా ఒకటి పూర్తికావడానికి వారాలు పడతాయి, పని దట్టంగా ఉంటే నెలలు. కన్నాలతో నిండిన రకాన్ని నజ్మ్ అంటారు. నజ్మ్ అంటే చుక్క, నక్షత్రం. వెలుతురుకు ఎత్తి చూసినవాళ్ళే ఆ పేరు పెట్టి ఉంటారనిపిస్తుంది నాకు.

1861లో, అప్పటి మన గవర్నర్ జనరల్ లార్డ్ కానింగ్ తీర్పుతో ఒమాన్, జాంజిబార్ రెండు వేరు రాజ్యాలయ్యాయి. 1964 జనవరిలో జాంజిబార్ విప్లవం వచ్చి అరబ్బు కుటుంబాలు చెల్లాచెదురయ్యాయి. 1970లో సుల్తాన్ ఖాబూస్ గద్దెనెక్కాక ఆఫ్రికా తీరం నుంచి వేలమంది ఒమాన్‌కు తిరిగి వచ్చారు. ఇల్లూ తోటా వెంట తెచ్చుకోలేరు. సూదీ దారం పట్టిన చేతి ఒడుపు మాత్రం ఎక్కడికైనా వస్తుంది.

ఆ ఒడుపుకు పోటీ యంత్రం నుంచి వచ్చింది. అమెరికాలో ఎలియాస్ హౌ 1846లో, ఐజాక్ సింగర్ 1851లో కుట్టుమిషన్ల మీద పేటెంట్లు తీసుకున్నారు. సూది బెజ్జాన్ని వెనక నుంచి మొనకు తేవడంతో చేతిపని యంత్రం పనిగా మారింది. ఇప్పుడు బజార్లో యంత్రం కుట్టిన కుమ్మాలూ దొరుకుతాయి, చవక కూడా. అయినా చేతి కుట్టుకే విలువ, ధరలో ఎన్నో రెట్ల తేడా. యంత్రం కన్నాలన్నీ ఒకే అచ్చు. చేతి కన్నాల్లో కుట్టిన మనిషి బిగువు తెలుస్తుంది.

హౌకీ సింగర్‌కీ పేర్లున్నాయి. కుమ్మాను కనిపెట్టినవాళ్ళకు లేవు. ఈ సంగతి మనవైపు గోదావరి వాళ్ళకు కొత్త కాదు. 1844 ప్రాంతంలో మిషనరీ దంపతులు నరసాపురం చుట్టుపక్కల ఆడవాళ్ళకు క్రోషే లేసు నేర్పారు. నేర్పినవాళ్ళ పేరు పుస్తకాల్లోకి ఎక్కింది. నూటడెబ్బై ఏళ్ళకు పైగా ఇంటి అరుగుల మీద అల్లినవాళ్ళ పేర్లు ఎక్కలేదు. జర్మన్ పరిశోధకురాలు మరియా మీస్ 1982లో వాళ్ళ మీద ఒక పుస్తకమే రాసింది. రోజుకు గంటల తరబడి అల్లి ఎగుమతికి పంపినా, వాళ్ళను గృహిణులుగానే లెక్కవేశారు గాని పనివాళ్ళుగా లెక్కవేయలేదని ఆమె అందులో చూపించింది. 2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ గోదావరి జిల్లాల నుంచే ఎందరో ఆడవాళ్ళు ఇంటిపనికి ఒమాన్ వెళ్ళారు. క్రోషే ముల్లు తిప్పిన వేళ్ళకు కుమ్మా కాజాను చూడగానే అందులోని శ్రమ అర్థమవుతుంది.

ఇంట్లో పిల్లలతో కలిసి ఈ కన్నాల పనిని కుట్టి చూడటం కష్టమేమీ కాదు. చేతిరుమాలంత తెల్లని నూలుగుడ్డ రెండు పొరలు చేసి, టాకాలు వేసి, పెన్సిలుతో ఏడు చుక్కలు గుండ్రంగా పెట్టండి. కత్తెర వాడొద్దు. కత్తిరిస్తే పోగులు తెగి అంచు విచ్చిపోతుంది. లావుపాటి సూదితో పొడిచి పోగుల్ని పక్కకు నెట్టాలి. తెల్లదారం ఒంటిపేటతో, కన్నంలోంచి పైకి లాగుతూ, కుట్టు పక్కనే కుట్టు వేస్తూ చుట్టూ తిరగాలి. ప్రతి కుట్టునూ ఒకే బిగువున లాగితే కన్నం గుండ్రంగా నిలుస్తుంది. ఏడూ అయ్యాక టాకాలు విప్పి, గుడ్డను ఉతికి, పల్చటి గంజి పెట్టి ఆరేసి, కిటికీకి ఎదురుగా పట్టుకోండి.