పొయ్యి వెలిగించని వంట

పోయిన నెల మా అమ్మాయి బెంగళూరు నుంచి వచ్చింది. గుమ్మంలో చెప్పులు విప్పుతూనే, "అమ్మా, నేనిప్పుడు రా వీగన్. నాకోసం ఏమీ వండకు" అంది. పాలు, పెరుగు, నెయ్యి, తేనె అన్నీ మానేస్తే వీగన్. పైగా పొయ్యి ఎక్కినది ఏదీ ముట్టకపోతే రా వీగన్. అప్పటికి నాలుగు నెలల నుంచీ అదే తిండట. చేతికున్న ఒక్క గాజూ మోచేతి దాకా జారిపోతోంది. మెట్లెక్కి వచ్చి ఆయాసపడుతోంది.

"మరి ఏం తింటావే తల్లీ?" అన్నారు మా అత్తయ్యగారు.

"రేపు స్టఫ్డ్ మష్రూమ్స్ చేసుకుంటా నాన్నమ్మా. పచ్చి పుట్టగొడుగుల్లో కూరిపెట్టి తినడమే. భోజనానికి ముందు స్టార్టర్‌లాగా బావుంటుంది."

"పుట్టగొడుగులా! అవీ పచ్చివా!" అని ఆవిడ లేచి దేవుడి గదిలోకి వెళ్ళిపోయారు.

ఒకరికి పుట్టగొడుగులతో పేచీ, నాకు పచ్చితో పేచీ. బి.ఏ. తెలుగు చదివినదాన్ని కదా, ఇంట్లో వాదన వస్తే పుస్తకాల్లో వెతకడం నా అలవాటు. ఆ రాత్రి అదే పని చేశాను.

ముందు అత్తయ్యగారి సంగతి. ఆవిడ కోపానికి ఆధారం పాతదే. మనుస్మృతి అయిదో అధ్యాయంలో ద్విజులు తినకూడనివాటి జాబితాలో వెల్లుల్లి, నీరుల్లి పక్కనే 'కవకం' అని పుట్టగొడుగు కూడా ఉంది. కానీ అన్ని ఇళ్ళూ ఆ మాట విన్నాయా? వినలేదు. తొలకరి పడగానే బుట్టలు పట్టుకుని పుట్టల దగ్గరకి పరుగెత్తిన ఇళ్ళు మన పల్లెల్లో ఎన్నో. గోదావరి వైపు వాటిని పుట్టకొక్కులంటాం. ఆ పేరు ఎంత సరైనదో చూడండి. చెదపురుగులు పుట్ట లోపల ఒక శిలీంధ్రాన్ని సాగుచేసుకుని తింటాయి. వానలు పడ్డాక దాని గొడుగులే పైకి వస్తాయి. అంటే పుట్టగొడుగుల సేద్యం మనుషుల కంటే ముందు చెదలు నేర్చాయన్నమాట!

మనుషులు చాలా ఆలస్యంగా నేర్చారు. 1707లో టూర్నఫోర్ అనే ఫ్రెంచి వృక్షశాస్త్రవేత్త గుర్రపు పెంట మీద వీటిని ఎలా పెంచుతారో రాశాడు. ఆ తరవాత, 19వ శతాబ్దంలో, పారిస్ నగరం కింద ఇళ్ళ కోసం రాయి తవ్వగా మిగిలిన గుహల్లోకి ఈ సాగు దిగింది. అక్కడ చీకటి, చల్లదనం ఏడాది పొడుగునా ఒకేలా ఉంటాయి. అందుకే ఫ్రాన్సులో దీనికి ఇప్పటికీ 'పారిస్ పుట్టగొడుగు' అనే పేరు. అప్పట్లో అది గోధుమ రంగుది. మనం కొనే తెల్లది 1920ల్లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో ఒక తోటలో దానంతట అది తేడాగా పుట్టిన రకం. చూడ్డానికి శుభ్రంగా ఉందని జనానికి నచ్చింది. మన దేశంలో ఈ బటన్ పుట్టగొడుగు సాగు 1961లో హిమాచల్ ప్రదేశ్‌లోని సోలన్‌లో మొదలైంది. మన ఫ్రిజ్‌లోకి నిన్నమొన్న వచ్చిందంతే.

ఇక 'పచ్చి' సంగతి. మా అమ్మాయి అదేదో కొత్త ధర్మంలా మాట్లాడుతుంది గానీ, మనకి కొత్తేమీ కాదు. శ్రీరామనవమికి వడపప్పు ఉడికిస్తామా? పానకం కాస్తామా? ఉగాది పచ్చడి పొయ్యి ఎక్కుతుందా? తెలంగాణ వారి పచ్చి పులుసు పేరులోనే ఉంది ఆ మాట. తేడా ఏమిటంటే, అవి విస్తట్లో ఒక మూల ఉండేవి. విస్తరంతా అవే అయింది ఎప్పుడు అని వెతికితే, యూరప్‌లో జూరిక్ డాక్టరు బిర్షర్-బెన్నర్ కనిపించాడు. సుమారు 1900 నుంచి రోగులకి పచ్చి ఆపిల్ తురిమి, నానబెట్టిన ఓట్స్‌తో కలిపి పెట్టాడు. ఇప్పుడు డబ్బాల్లో అమ్మే మ్యూస్లీకి మూలం అదే. వీగన్ అనే మాట ఇంకా చిన్నది. 1944లో ఇంగ్లండులో డొనాల్డ్ వాట్సన్, ఆయన మిత్రులు పెట్టుకున్న పేరు అది.

అలా వెతుకుతూ వెతుకుతూ నేను మా పుట్టిల్లు రాజమండ్రిలో తేలాను!

1929 వేసవిలో గాంధీగారు ఖద్దరు నిధి కోసం ఆంధ్రదేశమంతా తిరిగారు. అప్పుడు రాజమండ్రిలో ప్రకృతి చికిత్సాలయం నడిపే సుందరం గోపాలరావు గారు ఆయనకి పరిచయమయ్యారు. వండని తిండితోనే జబ్బులు నయమవుతాయని గోపాలరావు గారి నమ్మకం. గాంధీగారికి ఆ మాట నచ్చింది. నచ్చితే ఊరుకునే మనిషా! వెంటనే మొదలుపెట్టేశారు. జూన్ 13న యంగ్ ఇండియాలో ఆ తిండి కొలతలు అచ్చువేశారు: మొలకెత్తిన గోధుమలు 8 తులాలు, నూరిన బాదంపప్పు 8 తులాలు, దంచిన ఆకుకూర 8 తులాలు, నిమ్మకాయలు ఆరు, తేనె రెండు ఔన్సులు. ఎనిమిది తులాలంటే సుమారు 93 గ్రాములు. రోజుకి అంతే. ఆశ్రమంలో మరికొందరు కూడా ఆయనతో కలిశారు.

నిజానికి అది ఆయనకి రెండోసారి. మొదటిసారి 1893లో, దక్షిణాఫ్రికాలోని ప్రిటోరియాలో. ఆగస్టు 22న మొదలుపెట్టి, ఏ రోజు ఏం తిన్నారో, ఒళ్ళు ఎలా ఉందో డైరీలా రాసుకున్నారు. పట్టుమని రెండు వారాలు కూడా సాగలేదు. ఆ డైరీని ఆ మరుసటి ఏడాది లండన్ శాకాహారుల పత్రికకి పంపి మరీ అచ్చువేయించారు. అప్పటికి ఆయన వయసు 23. మా అమ్మాయి వయసు కూడా అంతే.

1929 ప్రయోగం వేసవి దాటింది గానీ ఆగస్టులో ఆయనకి జిగట విరేచనాలు పట్టుకున్నాయి. మానేసి, మళ్ళీ మేకపాలకి వచ్చారు. ఆ సంగతి కూడా దాచకుండా యంగ్ ఇండియాలోనే రాశారు. మొదలుపెట్టానని చాటినవాళ్ళు చాలామంది ఉంటారు. ఆపేశానని అంతే గట్టిగా చెప్పినవాళ్ళు ఎంతమంది?

ఇంకో మాట కూడా ఆలోచించాను. పాలు, మాంసం వగైరాల్లో దొరికి, మొక్కల తిండిలో దాదాపు దొరకని విటమిన్ బి12ని అమెరికాలోనూ ఇంగ్లండులోనూ విడదీసి పట్టుకున్నది 1948లో. గాంధీగారు పోయిన ఏడాదే. పాలు మానితే ఏం తక్కువవుతుందో చెప్పే శాస్త్రం ఆయన ప్రయోగాల కాలానికి లేదు. మా అమ్మాయి కాలానికి ఉంది.

మర్నాడు పొద్దున్న ఇద్దరం వంటింట్లో కూర్చున్నాం. వద్దని అనలేదు. పెద్దవి చూసి పన్నెండు పుట్టగొడుగులు తీసుకున్నాం. కడిగి, గుడ్డతో తుడిచి, కాడలు మెల్లగా తిప్పి తీసేశాం. టోపీల్లాంటి పైభాగాలకి నిమ్మరసం, గానుగ నువ్వుల నూనె, ఉప్పు పట్టించి గంటసేపు వదిలేశాం. ఉప్పుకి నీరు వదిలి, ఉడికినట్టే మెత్తబడతాయి.

కూరడానికి అమ్మాయి జీడిపప్పు నానబెట్టింది. "ఇది పచ్చిదని ఎవరన్నారే? మన పలాసలో గింజని ఆవిరి మీద ఉడికించో, కాల్చో గానీ పెంకు పగలగొట్టరు. ఆ పెంకులో ఉన్న జీడి చేతులు పొక్కిస్తుంది" అన్నాను. అది బిక్కమొహం వేసింది. దాని బదులు రెండు గంటలు నానిన పెసరపప్పు అరకప్పు తీసుకుని, పచ్చికొబ్బరి, అల్లం, పచ్చిమిర్చి, కొత్తిమీర, సన్నగా తరిగిన ఆ కాడలు వేసి బరకగా రుబ్బాం. ఉప్పు, నిమ్మరసం కలిపి టోపీల్లో కూరాం. అంటే వడపప్పే, గొడుగు కింద!

మీరు చేస్తే రెండు జాగ్రత్తలు. సాగుచేసిన బటన్ పుట్టగొడుగులే, తాజావే వాడండి. ఏరుకొచ్చినవి పచ్చిగా అసలు వద్దు. పచ్చి షీటాకే తిన్న కొందరికి ఒళ్ళంతా కొరడా దెబ్బల్లా చారలు తేలతాయి. బటన్‌లో కూడా అగారిటిన్ అనే పదార్థం ఉంది, వండితే తగ్గుతుంది. పచ్చిగా అరగడమూ కష్టమే. అందుకే మనిషికి రెండో మూడో, అదీ ఎప్పుడైనా. స్టార్టర్ అని పేరు పెట్టినవాళ్ళు తెలివైనవాళ్ళే. తరవాత భోజనం ఉండాలనే కదా!

తింటూ ఉండగా రాజమండ్రి కథ చెప్పాను. "నిన్ను మానమనడం లేదు. ఆయనలాగా లెక్క రాసుకో. ఏం తింటున్నావు, బరువెంత, ఆయాసం ఎంత. రక్త పరీక్ష కూడా ఆ లెక్కలోదే" అన్నాను. చాలాసేపు మాట్లాడలేదు. ఆ తరవాత, "ఆయన రెండోసారి కూడా మానేశారా?" అని మాత్రం అడిగింది.

ఈలోగా అత్తయ్యగారు కీరా ముక్క మధ్యలో గుంట చేసి, అందులో అదే పెసరపప్పు ముద్ద పెట్టించుకున్నారు. కాడలు కలపకముందే ఆవిడ వాటా తీసి ఉంచానులెండి. "ఉప్పు చాల్లేదు" అంటూ రెండు తిన్నారు.

రక్త పరీక్షలో బి12 ఉండాల్సినదానికన్నా బాగా తక్కువని వచ్చింది. ఆ విటమిన్‌ని సూక్ష్మజీవులతో తయారుచేస్తారని, వీగన్‌లు వేసుకోదగ్గ మాత్రలు ఉన్నాయని డాక్టరుగారు చెప్పాక మొదలుపెట్టింది. పాలు, పెరుగు ఇప్పటికీ ముట్టదు. నేనూ అడగను. రాత్రి పూట మాత్రం వేడన్నం, కందిపప్పు, నెయ్యి బదులు నువ్వుల నూనె. వెళ్ళేటప్పుడు బ్యాగులో ఒక చిన్న నోట్‌బుక్ కనిపించింది. మొదటి పేజీలో తేదీ, బరువు రాసి ఉన్నాయి. నేను చూసినట్టు దానికి చెప్పలేదు.