జొన్నగిరి బంగారం, జేజి అరికాలు

తొలకరి పడిందంటే మా తుగ్గలి మండలంలో జనం నేల మీదే చూపు పెట్టి నడుస్తారు. జొన్నగిరి, పగిడిరాయి చేలల్లో వజ్రం దొరుకుతుందని ఆశ. మా జేజి కూడా అలాగే తిరిగేది, చెప్పుల్లేకుండా. ఆమె అరికాల్లో నల్లమచ్చ లేస్తే ముల్లు విరిగిందనుకున్నాం. ఆనెకాయ అన్నారు కొందరు. అది మెలనోమా అనే చర్మ క్యాన్సర్ అని తెలిసేసరికి గజ్జల దాకా పాకింది.

ఆమె పోయాక ఆ జబ్బు గురించి చదువుతూ పోతే, దారి తిరిగి మా ఊరి బంగారం దగ్గరికే వచ్చింది.

జొన్నగిరే అశోకుడి కాలపు సువర్ణగిరి అని కొందరు చరిత్రకారుల వాదన. అక్కడికి దగ్గర్లోనే, ఎర్రగుడి బండల మీద ఆయన శాసనాలు ఇప్పటికీ ఉన్నాయి. వాటిలో ఒకటి మనుషులకూ పశువులకూ వైద్యం గురించి, మందుమొక్కలు లేనిచోట తెచ్చి నాటించడం గురించి. బంగారమూ వైద్యమూ ఒకే నేల మీద ఉన్నా, ఈ రకంగా కలవడానికి రెండు వేల ఏళ్లు దాటింది.

1857లో మైకేల్ ఫారడే లండన్‌లో బంగారాన్ని నీళ్లలో అతి సన్నని రేణువులుగా చేసి చూపించాడు. రంగు పసుపు కాదు, కెంపు! రేణువు అంత చిన్నదైతే వెలుగుతో దాని వ్యవహారమే మారిపోతుంది. సైజూ ఆకారమూ సరిగ్గా కుదిరిస్తే, కంటికి కనపడని పరారుణ కాంతిని పట్టుకుని వేడెక్కుతుంది. ఆ వేడికి పక్కనున్న క్యాన్సర్ కణం చచ్చిపోతుంది. 2003లో అమెరికాలోని రైస్ యూనివర్సిటీలో నయోమీ హాలస్, జెన్నిఫర్ వెస్ట్ బృందం సిలికా మీద బంగారు పూత పూసిన రేణువులతో ఎలుకల కణితుల్లో దీన్ని నిరూపించింది. 2019లో ప్రోస్టేట్ క్యాన్సర్ ఉన్న 16 మంది మీద చేసిన పరీక్ష ఫలితాలు వచ్చాయి. కాంతి లోతుకు పోలేదు గనక, పైపైనే ఉండే చర్మ క్యాన్సర్ దీనికి సులువుగా అందుతుంది.

మరి పని అయ్యాక ఆ బంగారం ఒంట్లోనే ఉండిపోతే? ఇప్పుడు ఐఐటీ హైదరాబాద్‌లో ఉన్న అరవింద్ కుమార్ రెంగన్, ముంబైలో ఉన్నప్పుడు సహచరులతో కలిసి 2015లో ప్రచురించిన పని ఈ ప్రశ్న మీదే. కొవ్వు బుడగల మీద బంగారు పూత పూశారు. పని అయ్యాక అది విరిగి, ఎలుకల ఒంట్లోంచి బయటికి పోయే దారి చూపారు.

ఇదంతా ఇంకా ప్రయోగాల దశే. చర్మ క్యాన్సర్‌కి ఇవాళ్టికీ మొదటి వైద్యం కత్తే, అదీ తొందరగా కనిపెడితే. వజ్రం కోసం నేలంతా వెతికిన మేము జేజి అరికాలు ఒక్కసారి సరిగ్గా చూసుంటే బాగుండేది. ఏ లేజరైనా ఆ తర్వాతే కదా.