సిమ్ కెమెరా
వైఫై లేని చోట మొబైల్ నెట్‌వర్క్ మీద దృశ్యాలు పంపే నిఘా కెమెరా. పొలాల్లో బోరు మోటార్లు, కేబుళ్లు, చేపల చెరువుల కాపలాకు బాగా అక్కరకొస్తుంది. మన దేశపు 4జీ బ్యాండ్లను (3, 5, 40 వంటివి) అందుకుంటుందో లేదో కొనేముందే తప్పక చూసుకోవాలి. బిగించే చోట ఫోన్‌తో పరీక్షించాల్సింది అప్‌లోడ్ వేగం. సెకనుకు 1 మెగాబిట్ చొప్పున ఆపకుండా పంపితే గంటకు 450 ఎంబీ ఖర్చవుతుంది. రోజుకు 2 జీబీ ఇచ్చే ప్యాక్ అయిదు గంటలు కూడా రాదు. అందుకే రికార్డింగు మెమరీ కార్డులోనే ఉంచి, కదలిక కనబడినప్పుడే ఫోన్‌కు పంపేలా పెట్టుకోవడం మేలు. మొబైల్ కంపెనీలు ఒకే పబ్లిక్ ఐపీని సాధారణంగా ఎందరికో పంచుతాయి కాబట్టి పోర్ట్ ఫార్వర్డింగ్‌తో దూరం నుంచి కెమెరాను నేరుగా చూడడం కుదరదు. తయారీదారు యాప్ ద్వారానో వీపీఎన్ ద్వారానో చూడాలి. పెట్టెతో వచ్చిన పాస్‌వర్డును మొదటిరోజే మార్చాలి. కరెంటు లేని చోట సోలార్ ప్యానెల్, బ్యాటరీ సరిపోతాయి గానీ, ప్యానెల్ మీద దుమ్ము తుడుస్తూ ఉండాలి.