కార్తెల్లో కుదురుకున్న పునీతులు

పుల్లలచెరువు చుట్టుపక్కల ఊళ్లలో గేదె తప్పిపోతే నల్లమల అంచుదాకా వెతుకుతారు. దొరక్కపోతే మా అవ్వ అంతోనివారికి కొవ్వొత్తి మొక్కుకునేది. మొక్కుకున్నాక ఇంట్లో కూర్చోకూడదు, మళ్లీ వెతకడానికి వెళ్లాలి. "ఆయనేమన్నా తోలుకొచ్చి కొట్టంలో కట్టేస్తాడా? దారి చూపిస్తాడు, అంతే" అనేది. గొడ్డు దొరికితే మాత్రం బాకీ పెట్టేది కాదు. జూన్ 13న గుడిలో కొవ్వొత్తి వెలిగించి, వాకిట్లో పిల్లలకు బొరుగులూ బెల్లమూ పంచేది.

మా నాన్న ఉపదేశి. ఫాదరు నెలకోసారి వచ్చే పల్లెల్లో మిగతా రోజులన్నీ జపాలు నేర్పేదీ, జపమాల చెప్పించేదీ, చావుకు వెళ్లేదీ ఉపదేశే. ఆయన దగ్గర అట్టలూడిన పునీతుల చరిత్ర పుస్తకం ఒకటుండేది. అంతోనివారు 1195లో లిస్బనులో పుట్టారనీ, అసలు పేరు ఫెర్నాందో అనీ, మొరాకోలో హతులైన ఫ్రాన్సిస్కన్ సన్యాసుల దేహాలు చూసి ఆ సభలో చేరారనీ, 1231లో పాదువా దగ్గర కన్నుమూశారనీ, ఏడాది తిరక్కుండానే పోపుగారు ఆయన్ని పునీతుడిగా ప్రకటించారనీ చదివి వినిపించేవాడు. అవ్వ అంతా విని, "అయ్యన్నీ ఎందుకురా, మృగశిరలో వస్తాడుగా" అనేది.

అవ్వ మాటలోనే మా ప్రాంతపు చరిత్ర చాలావరకు ఉందనిపిస్తుంది నాకు. మా దగ్గరికి పునీతుల పండుగలు ముందొచ్చాయి, వాళ్ల జీవిత కథలు చాలా తర్వాత వచ్చాయి. వచ్చిన పండుగల్లో కూడా సేద్యంతో పొత్తు కుదిరినవే నిలిచాయి. మృగశిరకు రైతు కన్ను ఆకాశం మీద ఉంటుంది. ప్రత్తీ కందీ ఆముదమూ వెయ్యాలి, అప్పు తేవాలి, ఎడ్లను చూసుకోవాలి. సరిగ్గా ఆ అదునులో పోయినవి వెతికిపెట్టే పునీతుడు వస్తే ఆయన్ని ఎవరు వదులుకుంటారు! ఆ తర్వాత ఆరుద్రలో జూన్ 24న స్నాపక యోహాను, 29న రాయప్ప, చిన్నప్ప.

రాయప్ప అంటే పేతురు, చిన్నప్ప అంటే పౌలు. ఈ పేర్లు తమిళదేశం మీదుగా వచ్చాయి. 18వ శతాబ్దం మొదట్లో పుదుచ్చేరి నుంచి ఫ్రెంచి జెస్విట్లు కాషాయం కట్టి, మాంసం మానేసి, సన్యాసుల్లా సీమలోకి వచ్చారు. పుంగనూరు, కృష్ణాపురం వాళ్ల మకాములు. వాళ్లలో కేర్దూ అనే ఆయన తెలుగు నిఘంటువు కూడా కూర్చాడు. ఆ గురువుల దగ్గర జ్ఞానస్నానం పొందిన రైతు కుటుంబాలు యుద్ధాలకూ కరువులకూ తట్టుకోలేక ఉత్తరానికి కదిలి గుంటూరు సీమలో ఫిరంగిపురం లాంటి చోట్ల స్థిరపడ్డాయి. 1773లో పోపు జెస్విట్ల సభనే రద్దుచేశాడు. గురువులు కరువైనా పేర్లు పోలేదు. రాయపరెడ్డి, చిన్నపరెడ్డి, ఇన్నారెడ్డి, శౌరిరెడ్డి, జోజిరెడ్డి, మర్రెడ్డి ఈ నాటికీ కనిపిస్తారు. మా పేటలో అదే రాయప్ప, చిన్నప్ప, ఇన్నాసి, లూర్దయ్య. పునీతుడు ఒక్కడే, వీధులు వేరు. ఆ సంగతి నాన్న పుస్తకంలో ఉండదు.

మా వైపు క్రైస్తవులంటే ఎక్కువమంది బాప్టిస్టులే. ధాత కరువులో బకింగ్‌హాం కాలువ తవ్వకం పనిలో కూలి చూపించిన ఒంగోలు క్లౌ దొర మిషనులో, 1878 జూలై 3న ఒక్కరోజే గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్లకు పునీతులు లేరు, స్వరూపాలు లేవు. "మీది బొమ్మల మతం" అని బడిలో వాళ్ల పిల్లలు మమ్మల్ని ఆటపట్టించేవాళ్లు. అయినా నవంబరు 2న సమాధుల పండుగకు రెండు వర్గాలూ పారలూ సున్నం బక్కెట్లూ పట్టుకుని ఒకే దారిన వెళ్లేవి. గడ్డి చెక్కి, సున్నం కొట్టి, బంతిపూలు పరిచి, చీకటిపడ్డాక కొవ్వొత్తులు పెట్టేవాళ్లం. చచ్చిపోయినవాళ్ల దగ్గర సిద్ధాంతం ఎవరికి కావాలి?

సేద్యానికి అడ్డమొచ్చినా నిలిచిన పండుగ నాకు తెలిసి ఒక్కటే, గుణదల. ఫిబ్రవరి 11 అంటే మిరపకోతలు జోరుగా సాగే కాలం, కూలి దొరకడం గగనం. అయినా కళ్లాల్లో కాయ ఆరబోసి ఒకరిని కాపలా పెట్టి మిగతావాళ్లు బయలుదేరేవాళ్లు. మార్కాపురం రోడ్డులోనో దొనకొండలోనో మీటరుగేజి బండెక్కి, మూటల మీద కూర్చుని బెజవాడ చేరేవాళ్లు. 1858లో అదే తేదీన ఫ్రాన్సులోని లూర్దులో బెర్నదెత్ అనే పేదపిల్లకు మరియమాత కనిపించిందని పండుగ. 1924లో ఆర్లాటి అనే ఇటలీ గురువు గుణదల కొండ గుహలో మాత స్వరూపాన్ని పెట్టించాడు. కొండెక్కి తలనీలాలివ్వడం, కొబ్బరికాయ కొట్టడం మాత్రం మన జనమే చేర్చారు. బెర్నదెత్ చూస్తే ఆశ్చర్యపోయేదేమో గానీ, కట్టెలేరుకునే పిల్ల కాబట్టి మా వాళ్లతో ఇట్టే కలిసిపోయేది.

2022 మే 15న దేవసహాయం పిళ్లైని పునీతుడిగా ప్రకటించారు. తిరువాన్కూరు కొలువులో పనిచేసి, మతం మారినందుకు హింసలు పడి, 1752లో ఆరల్వాయ్‌మొళి దగ్గర తుపాకి గుళ్లకు బలైనవాడు. గురువూ కాదు, సన్యాసీ కాదు, పెళ్లాం ఉన్న మనిషి. మాకు ఇంతకంటే దగ్గరివాడు దొరకడు. కానీ ఆయన పండుగ జనవరి 14. ఆ రోజు భోగో సంక్రాంతో అయి తీరుతుంది. అల్లుళ్లొస్తారు, అరిసెలు పొయ్యి మీద ఉంటాయి, కుర్రాళ్లు ఎడ్ల పందాలకు పోతారు. ఫాదరు గంట కొట్టించినా పూజకు వచ్చేది ముసలివాళ్లం నలుగురమే. అవ్వ ఉంటే, ఆయన్ని ఏ జ్యేష్ఠకో జరపమని ఫాదరుతో తగువు పెట్టుకునేది.