నీలోఫర్ అంటే ఎవరు?

తొమ్మిదో తరగతిలో ఫ్రెంచి విప్లవం పాఠం మాకు సినిమా కథలా ఉండేది. పదహారో లూయీకి 1793 జనవరి 21న, రాణి మేరీ ఆంటోనెట్‌కు అదే ఏడాది అక్టోబర్ 16న శిరచ్ఛేదం చేశారని తేదీలతో సహా గడగడా అప్పజెప్పేవాళ్లం. రష్యా జార్ కుటుంబాన్ని 1918 జూలైలో కాల్చి చంపిన సంగతీ నోటికి వచ్చు. 1984లో ఒకరోజు మా సోషల్ మేడమ్ సుద్దముక్క బల్ల మీద పెట్టి, "వాళ్ల రాజుల చావులన్నీ చెప్పారు, సంతోషం. మరి మన ఊరి సంగతి? నీలోఫర్ అంటే ఎవరు?" అని అడిగారు. వెనక బెంచీలోంచి నేను లేచి "హాస్పిటల్, మేడమ్" అన్నాను. క్లాసంతా నవ్వింది. నవ్వినవాళ్లలో ఒక్కడికీ జవాబు తెలియదని నాకిప్పటికీ గట్టి నమ్మకం. (ఈ కాలం పిల్లల్ని అడిగితే చాయ్ అంటారు.)

సాయంత్రం ఇంటికెళ్లి నాయనమ్మను అడిగాను. మాది నల్లగొండ జిల్లా. రజాకార్ల రోజుల్లో పసిపిల్లను చంకనేసుకుని రాత్రికి రాత్రి ఊరు వదిలిన మనిషి ఆమె. ఇంట్లో నిజాం పేరెత్తితే అన్నం కంచం ముందునుంచి లేచిపోయేది. అలాంటిది, "నిజాం చిన్నకోడలు. పిల్లలు కాలే పాపం. నువ్వు ఆ దవాఖానల్నే పుట్టినవ్ బిడ్డా" అంది. అంతకుమించి చెప్పలేదు. నేనూ అడగలేదు. నేను ఇంజినీర్ని, చరిత్రకారుణ్ణి కాను. ఉద్యోగం, సంసారం ఒక గాడిన పడ్డాక గానీ ఈ కథ చదవడానికి తీరిక దొరకలేదు.

కథ ఇస్తాంబుల్‌లో మొదలవుతుంది. 1924 మార్చి 3న టర్కీ పార్లమెంటు ఖలీఫా పదవిని రద్దు చేసింది. చివరి ఖలీఫా రెండో అబ్దుల్ మజీద్ చిత్రకారుడు, సంగీతప్రియుడు. ఆయన్ను కుటుంబంతో సహా రైలెక్కించి దేశం దాటించారు. మొదట స్విట్జర్లాండ్, ఆ తర్వాత ఫ్రాన్స్‌లోని నీస్ నగరం. చేతిలో డబ్బు లేదు. మన ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ నెలకు 300 పౌండ్ల భరణం ఏర్పాటు చేశాడు.

ఆ బంధమే వియ్యంగా మారింది. 1931 నవంబర్ 12న నీస్‌లో ఒకేసారి రెండు పెళ్లిళ్లు. ఖలీఫా ఒక్కగానొక్క కూతురు దుర్రె షెహ్వార్‌కు నిజాం పెద్దకొడుకు ఆజం జా, ఆ వంశంలోదే అయిన నీలోఫర్‌కు రెండో కొడుకు మొజ్జం జా. పెళ్లికూతుళ్ల వయసు పదిహేడు, పదిహేను. డిసెంబర్‌లో వాళ్లు ఇటలీ నుంచి బొంబాయికి ఓడలో వచ్చారు. రౌండ్ టేబుల్ సమావేశం ముగించుకుని వస్తున్న గాంధీజీ కూడా అదే ఓడలో ఉన్నారు.

దుర్రె షెహ్వార్‌కు ఇద్దరు కొడుకులు పుట్టారు. నీలోఫర్‌కు సంతానం కలగలేదు. ఆమెకు ఎంతో కావలసిన ఒక పరిచారిక కాన్పు కష్టమై చనిపోవడంతో, తల్లీపిల్లల కోసం ప్రత్యేకంగా ఒక ఆస్పత్రి ఉండాలని ఆమె పట్టుబట్టింది. రెడ్ హిల్స్‌లో అది 1953లో మొదలైంది. అప్పటికి నిజాం రాజ్యమే లేదు, 1948 సెప్టెంబర్‌లోనే ముగిసింది. 1952లో విడాకులైపోయి ఆమెకు ఈ కుటుంబంతో సంబంధమూ తెగిపోయింది. ఊరు విడిచి వెళ్లిన కోడలి పేరు మాత్రం ఊళ్లోనే ఉండిపోయింది.

మన స్కూలు పిల్లలకు నిజాం అంటే ముందు గుర్తొచ్చేది ఆర్ట్స్ కాలేజీ. ఆదివారాలు రామంతాపూర్ నుంచి హబ్సిగూడ, తార్నాక మీదుగా సైకిళ్లు తొక్కుకుంటూ వెళ్లి ఆ మెట్ల మీద కూర్చున్నవాళ్లు ఈ సావనీర్ చదివేవారిలో చాలామందే ఉంటారు. (తార్నాక ఆరాధనలో మ్యాట్నీకి పోయి, ఇంట్లో క్యాంపస్ అని చెప్పినవాళ్లు ఇంకా ఎక్కువమంది.) ఆ భవనానికి బెల్జియం వాస్తుశిల్పి ఎర్నెస్ట్ జాస్పర్ రూపకల్పన చేశాడు. 1939 డిసెంబర్ 4న నిజాం ప్రారంభించాడు. తర్వాత నేను క్యాంపస్‌లోనే ఇంజినీరింగ్ చదివినా, దాన్ని కట్టించిన మనిషి ఎక్కడ నిద్రపోతున్నాడో నాలుగేళ్లలో ఒక్కసారీ ఆలోచించలేదు.

ఇక చావుల సంగతి. నన్ను ఎక్కువగా కదిలించింది ఖలీఫాది. 1944 ఆగస్టు 23న పారిస్‌లో గుండె ఆగి చనిపోయాడు. జర్మన్ల చెర నుంచి ఆ నగరాన్ని విడిపించడానికి వీధుల్లో పోరు సాగుతున్న రోజులవి. తండ్రిని స్వదేశంలో సమాధి చేయాలని దుర్రె షెహ్వార్ వేడుకుంది. టర్కీ ఒప్పుకోలేదు. భౌతికకాయాన్ని దాదాపు పదేళ్లు పారిస్ మసీదులో ఉంచి, 1954లో మదీనాకు తీసుకెళ్లారు. పదేళ్లు! మన ఇళ్లలో పదోరోజు ఖర్మలు కాస్త ఆలస్యమైతేనే ఎంత బాధపడతాం.

ఉస్మాన్ అలీ ఖాన్ 1967 ఫిబ్రవరి 24న కింగ్ కోఠిలో కన్నుమూశాడు. రెండో నిజాం నుంచి ఆరో నిజాం వరకు అందరూ మక్కా మసీదులో వరుసగా ఉంటే, ఈయన మాత్రం కింగ్ కోఠి ఎదురుగా ఉన్న జూదీ మసీదులో తల్లి పక్కన ఉన్నాడు. నీలోఫర్ 1989లో పారిస్‌లో పోయింది, సమాధి ఆ ఊరి శివారు బాబిన్యీలో. దుర్రె షెహ్వార్ 2006లో లండన్‌లో కన్నుమూసింది, ఆమె సమాధి బ్రూక్‌వుడ్‌లో.

ఈ తేదీలు కాగితం మీద రాసుకున్నప్పుడు ఒక సంగతికి ఉలిక్కిపడ్డాను. నేను "హాస్పిటల్, మేడమ్" అన్న 1984లో నీలోఫర్ బతికే ఉంది! దుర్రె షెహ్వార్ కూడా ఉంది. రెండు వందల ఏళ్ల కింద తల తెగిన రాణి తేదీ మాకు తెలుసు, బతికున్న మన ఊరి కోడలు మాత్రం తెలియదు.

దుర్రె షెహ్వార్ పెద్దకొడుకు ముకర్రం జా 1933లో నీస్‌లో పుట్టాడు. 1967లో తాతకు వారసుడయ్యాడు. తర్వాత ఆస్ట్రేలియా వెళ్లి ఎక్కడో మారుమూల గొర్రెల క్షేత్రం కొనుక్కున్నాడు. సింహాసనం కంటే బుల్‌డోజర్లు, డీజిల్ ఇంజన్లంటే ఆయనకు ప్రాణమట. మెకానికల్ వాణ్ణి కాబట్టి ఈ ఒక్క విషయంలో ఆయన నాకు మనవాడే అనిపిస్తాడు. ఆస్తులు నిలుపుకోవడం చేతకాలేదనే నింద నిజమే కావచ్చు. 2023 జనవరి 14న ఇస్తాంబుల్‌లో పోయాడు. తల్లి పుట్టిన దేశంలో చనిపోయి, జనవరి 18న మక్కా మసీదులో తాతముత్తాతల వరుసలో చేరాడు.

ఆ రోజు చౌమహల్లాలో కడసారి చూపుకు జనాన్ని లోపలికి పంపుతున్నారని తెలిసి నేనూ వెళ్లాను. నాయనమ్మ ఉంటే ఏమనేదో తెలియదు. వరుసలో నా వెనక ఒక ముసలాయన, నా వాలకం చూసి కాబోలు, "మీరు ఈ ఇంటివాళ్లకు ఏమవుతారు సాబ్?" అని అడిగాడు. "ఏమీ కాను. నీలోఫర్‌లో పుట్టాను" అన్నాను. ఆయన నవ్వాడు. "మా పిల్లలు నలుగురూ అక్కడే" అన్నాడు. వరుస ముందుకు కదిలింది.