బహిరంగ మద్యపానం – ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతం

అనుమతి ఉన్న చోట్లు కాకుండా చెరువు కట్టలు, బడి ఆవరణలు, తోపులు, రోడ్డు వారలు వంటి పదిమంది మెలిగే చోట మద్యం తాగడాన్ని బహిరంగ మద్యపానం అంటారు. నెల్లూరు జిల్లా పడమటి మెట్టలోని ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతంలో ఈ సమస్యకు సారాతో ముడిపడిన చరిత్ర ఉంది.

1980లలో వారుణి వాహిని పథకం కింద ప్రభుత్వమే సరఫరా చేసిన సారా, వేలంపాటలో హక్కులు దక్కించుకున్న కాంట్రాక్టర్ల ద్వారా ప్లాస్టిక్ పాకెట్లలో పల్లెపల్లెకూ చేరింది. గ్లాసూ నీళ్లూ అక్కర్లేకుండా, మూల పంటితో కొరికి నిలుచున్న చోటే తాగేయగల ఆ పాకెట్టు తాగుడును కొట్టు గడప దాటించి వీధిలోకి తెచ్చింది. ఉదయగిరి నియోజకవర్గంలోని కలిగిరి మండలం దూబగుంటలో, సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమపు రాత్రి బడుల్లో కలుసుకున్న స్త్రీలు, దూబగుంట రోశమ్మగా పేరుపొందిన వర్ధినేని రోశమ్మ ముందుండగా, 1992లో ఊళ్లో సారా అమ్మకాన్ని ఆపించారు. వారు మద్యనిషేధం అనే పెద్ద మాటతో మొదలుపెట్టలేదు. తమ ఊళ్లో సారా కొట్టు ఉండకూడదన్నారు, ఉద్యమం బలమంతా ఆ సూటిదనంలోనే ఉంది. జిల్లాలో 1993 ఏప్రిల్ 15 నుంచి, రాష్ట్రమంతటా అదే ఏడాది అక్టోబర్ 1 నుంచి సారా నిషేధం అమలైంది. 1995 జనవరిలో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధం మాత్రం 1997లోనే సడలిపోయింది.

ఆ తరువాత అమ్మకందారులు మారుతూ వచ్చారు. 2019 అక్టోబర్‌లో దుకాణాలు ప్రభుత్వం చేతికి వచ్చి, వాటి పక్కనే కూర్చుని తాగే పర్మిట్ గదులు రద్దయ్యాయి. 2024 అక్టోబర్‌లో దుకాణాలు మళ్లీ ప్రైవేటువారికి వెళ్లాయి. అమ్మేది ఎవరైనా, బెల్టు షాపు, అంటే లైసెన్సు లేకుండా ఊళ్లో సీసాలు అమ్మే చిల్లర కొట్టు, ఉన్నంతకాలం క్వార్టర్ సీసా చెరువు కట్టకు చేరుతూనే ఉంటుంది.

ఇక ఆరోగ్యం సంగతికి వస్తే, ఆల్కహాల్‌ను 1988లోనే అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. 2019లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 26 లక్షల మరణాలకు మద్యం కారణమని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. తాగుడు వల్ల కాలేయంలో మొదట కొవ్వు చేరి, తరువాత వాపు వచ్చి, చివరికి కణజాలం గట్టిపడే సిర్రోసిస్ రావచ్చు. బీడీ, ఖైనీ తోడైతే నోటి, గొంతు క్యాన్సర్ల ముప్పు ఇంకా పెరుగుతుంది. బయట తాగడం వీటికి మరికొన్ని ప్రమాదాలను జతచేస్తుంది. శరీరంలో నీటిని నిలిపి ఉంచే వాసోప్రెసిన్ హార్మోను పనిని ఆల్కహాల్ అణచివేసి మూత్రాన్ని పెంచుతుంది కాబట్టి, మెట్ట ఎండల్లో తాగి పడిపోయినవారికి వడదెబ్బ సులభంగా తగులుతుంది. వెల్లకిలా పడినవారు వాంతి ఊపిరితిత్తుల్లోకి పోయి చనిపోవచ్చు. అటువంటివారిని పక్కకు తిప్పి పడుకోబెట్టి, 108కి ఫోన్ చేయాలి. కల్తీ సారాలో మిథనాల్ ఉంటే, అది శరీరంలో ఫార్మిక్ ఆమ్లంగా మారి చూపును, ప్రాణాన్ని తీస్తుంది. చూపు మసకబారితే తెల్లవారేదాకా ఆగకుండా వెంటనే ఆసుపత్రికి చేర్చాలి.

ఏళ్ల తరబడి రోజూ తాగినవారు ఒక్కసారిగా మానితే వణుకు, మూర్ఛలు, మతిభ్రమణం రావచ్చు. ఇంట్లో గదిలో పెట్టి మాన్పించే ప్రయత్నం ప్రాణాంతకం కావచ్చు. మానడం వైద్యుల పర్యవేక్షణలోనే జరగాలి. ఇందుకు సలహా కోసం జాతీయ వ్యసన విముక్తి హెల్ప్‌లైన్ 14446కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు.